గరిటె ఎవరి చేతిలో ఉంది?

ధర్మపురి నుంచి సేలం వెళ్లే జాతీయ రహదారి మీద, తొప్పూరు ఘాట్ ఇంకా రాకముందే నల్లంపల్లి వస్తుంది. తమిళనాడు పటంలో అదొక చిన్న చుక్క. వారపు సంతలో మేకల బేరాలకు పేరున్న ఊరు. ఈ చుట్టుపక్కల అరుంధతీయుల కాలనీల్లోకి అడుగుపెడితే మన తెలుగు వినిపిస్తుంది. బయట తమిళం, ఇంట్లో తెలుగు. మన దగ్గర మాదిగవాడలో పుట్టినవారికి ఆ ఇళ్ల గురించి వేరే చెప్పక్కర్లేదు. అవే చేతులు, అవే పనులు, ఊరికి అదే దూరం.

అలాంటి ఒక కాలనీకి నేను ప్రార్థనకు వెళ్లేసరికి, ఊళ్లో ఒక కళాశాల వారి ఎన్.ఎస్.ఎస్. శిబిరం అప్పుడే ముగిసింది. బడి గోడకు బ్యానరు ఇంకా వేలాడుతోంది. ఊరి వీధులు తుడిచిన పలకల్లా ఉన్నాయి. నిజం చెప్పాలంటే నాకు సంతోషమేసింది. పంచాయతీలో చెత్త ఎత్తే పని చేసే ఒక అమ్మ ప్రార్థనకు వచ్చింది. పిల్లలు బాగా పని చేశారమ్మా అన్నాను.

"మంచి పిల్లోళ్లే అయ్యా. వచ్చినారు, ఊడ్చినారు, ఫొటోలు పట్టుకున్నారు, పోయినారు. వాళ్లు ఊడ్చి పెట్టిన కుప్పలన్నీ నేనే ఎత్తినా."

వారం రోజులు ఉన్నారు కదా, నీ పేరేమిటని ఎవరైనా అడిగారా అన్నాను.

"పేరు ఎందుకయ్యా? చీపుర్లు అడిగినారు. ఇచ్చినా."

ఆమె నవ్వుతూనే అంది. నాకు మాత్రం ఆ రాత్రి వాక్యం చెప్పడానికి నోరు పెగల్లేదు. ప్రియమైన యువతా, ఈ వ్యాసం ఆ చీపుర్ల గురించే.

చీపురు పట్టేది ఎవరు?

జాతీయ సేవా పథకం గాంధీ శతజయంతి సంవత్సరంలో, 1969 సెప్టెంబరు 24న మొదలైంది. అప్పుడు 37 విశ్వవిద్యాలయాలు, 40 వేల మంది విద్యార్థులు. ఇవాళ డిగ్రీ కళాశాలల్లో ఆ పథకం తెలియనివారుండరు. ఏడాదికి 120 గంటల సేవ, రెండేళ్లకు 240 గంటలు. దత్తత తీసుకున్న గ్రామంలో ఏడు రోజుల ప్రత్యేక శిబిరం. చివర్లో ధృవపత్రం. దాని నినాదం చాలా గొప్పది: నేను కాదు, నువ్వు.

ఈ పథకాన్ని వెక్కిరించడానికి నేను కలం పట్టలేదు. పుస్తకం మూసి పల్లెకు వెళ్లమని విద్యార్థికి చెప్పడం మంచిదే. కానీ ఆ నినాదాన్ని నల్లంపల్లి కాలనీలో నిలబడి ఒకసారి చదవండి. మన దేశంలో కులం చెబుతూ వచ్చిన మాట కూడా అక్షరాలా అదే. చెత్త ఎత్తేది నేను కాదు, నువ్వు. మురుగులో దిగేది నేను కాదు, నువ్వు. ఆ మాటను తిరగరాయాల్సిన శిబిరం, ఏడు రోజులు చీపురు అరువు తెచ్చుకుని, ఎనిమిదో రోజు మళ్లీ ఆ చేతికే ఇచ్చి వెళ్లిపోతే ఏం మారినట్టు?

అదే చీపురు విద్యార్థి చేతిలో ఉంటే సేవ. ఆ అమ్మ చేతిలో ఉంటే పుట్టుక. విద్యార్థికి దాని వల్ల ధృవపత్రం వచ్చింది. ఆమెకు చేతి తొడుగు కూడా రాలేదు. ఏడు రోజులు ఊడ్చినవారిని వేదిక ఎక్కించి శాలువాలు కప్పాం. మిగిలిన 358 రోజులు ఊడ్చే మనిషిని వేదిక కింద కూడా కూర్చోబెట్టలేదు. ఇంత తేడా కళ్లెదుట ఉంటే, ఇది ఎందుకిలా ఉందని ఒక్క విద్యార్థి కూడా అడగకుండా నడిచే శిబిరం సేవా శిబిరం ఎలా అవుతుంది? అది ఉన్నదాన్ని ఉన్నట్టే ఉంచి పైన సున్నం వేయడం.

దత్తత అనే మాట కూడా చూడండి. దత్తత తీసుకున్న బిడ్డకు మనం ఇంటిపేరు ఇస్తాం. ఆస్తిలో వాటా ఇస్తాం. మన పళ్లెం పక్కన పళ్లెం పెడతాం. వారం రోజులుండి బ్యానరు చుట్టుకుని వెళ్లిపోవడాన్ని ఏ ఇంట్లోనూ దత్తత అనరు.

నగరంలోనూ ఇదే కథ

ఇది పల్లెటూరి సంగతి, నగరంలో చదువుకున్న యువత ఇలా ఉండదు అనుకోకండి. 2015 డిసెంబరులో చెన్నై మునిగిపోయింది. ఆ రోజుల్లో విద్యార్థులు, ఉద్యోగులు, చర్చీలు, మసీదులు, గుళ్లు, ఎవరికి వారు అన్నం పొట్లాలు కట్టారు, పడవలు నడిపారు, మనుషులను మోసుకొచ్చారు. దాన్ని తలుచుకుంటే ఇప్పటికీ గుండె నిండుతుంది. మన తెలుగు సంఘాల పిల్లలు కూడా చేశారు. దేవునికి స్తోత్రం.

నీళ్లు తీశాక నగరమంతా కుళ్లిన చెత్త మిగిలింది. దాన్ని ఎత్తడానికి రాష్ట్రంలోని ఇతర జిల్లాల నుంచి పారిశుధ్య కార్మికులను తీసుకొచ్చారు. అత్యధికులు దళితులు, అందులో ఎందరో అరుంధతీయులు. చాలామంది చేతికి తొడుగు లేదు, కాలికి బూటు లేదు. వాళ్ల పని గురించి వార్తలు వచ్చాయి, ఒకటి రెండు రోజులు. ఆ తర్వాత చెన్నై స్ఫూర్తి అని ఊరూరా సభలు జరిగాయి. ఆ సభల్లో అన్నం పొట్లం కట్టిన చేతుల గురించి చెప్పారు. కుళ్లును ఎత్తిన చేతుల గురించి ఎంతమంది చెప్పారు?

అన్నం పొట్లం కట్టినవాడికి జ్ఞాపకం మిగిలింది. కుళ్లు ఎత్తినవాడికి చర్మరోగం మిగిలింది. మొదటిదాన్ని స్వచ్ఛంద సేవ అన్నాం. రెండోదాన్ని వాళ్ల డ్యూటీ అన్నాం.

ధర్మపురి మరచిపోయిన పాఠం

నల్లంపల్లి ఉన్న ఈ ధర్మపురి జిల్లా పేరు 2012 నవంబరు 7న దేశమంతా విన్నది. ఒక దళిత యువకుడు, వేరే కులపు అమ్మాయి ప్రేమించి పెళ్లి చేసుకున్నారు. అమ్మాయి తండ్రి ఆత్మహత్య చేసుకున్నాడు. ఆ రోజే నత్తం, అన్నానగర్, కొండంపట్టి అనే మూడు దళిత కాలనీలలో రెండు వందల యాభైకి పైగా ఇళ్లను తగలబెట్టారు, దోచుకున్నారు. మరుసటి ఏడాది జూలై 4న ఆ యువకుడి శవం ధర్మపురి ప్రభుత్వ కళాశాల వెనుక రైలు పట్టాల పక్కన కనిపించింది.

కళాశాల వెనుక. ఈ రెండు మాటలు నన్ను వదలవు. ముందు తరగతి గదులు, వెనక ఆ శవం. ఇళ్లు తగలబడ్డ కాలనీల పిల్లలు, ఆ ఇళ్లను తగలబెట్టిన గుంపులో బంధువులున్న పిల్లలు ఈ జిల్లా కళాశాలల్లో ఒకే బెంచీ మీద కూర్చుంటారు. ఒకే రంగు టీషర్టు వేసుకుని ఒకే శిబిరానికి వెళ్తారు. ఒకే గొయ్యి తవ్వి ఒకే మొక్క నాటుతారు. కానీ ఒకరి ఇంటికి ఒకరు వెళ్తారా? ఒకరి ఇంట్లో ఒకరు నీళ్లు తాగుతారా? ఏడు రోజుల శిబిరంలో ఒక్క సాయంత్రమైనా ఈ సంగతి మాట్లాడుకుంటారా?

అలాంటి జిల్లాలో కులం గురించి ఒక్క మాట అనకుండా సేవ చేయవచ్చు అనుకోవడం, ఇల్లు కాలుతుంటే గుమ్మానికి ముగ్గు పెట్టడమే. మొక్కలు నాటవద్దని నేను అనను. ఏ మొక్కా సమాధానం చెప్పలేని ప్రశ్న ఒకటి ఆ మట్టిలో ఉందని మాత్రం అంటున్నాను.

ఒక యువకుడు ప్రశ్న అడిగితే

ఇదంతా పాస్టరు గారి ఆవేశం, ఆచరణలో కుదరదు అంటారేమో. ధర్మపురికి ఉత్తరాన, కర్ణాటక సరిహద్దు అవతల కోలార్ బంగారు గనులున్నాయి. అక్కడ ఒక తెలుగు క్రైస్తవ కుటుంబంలో 1966లో బెజవాడ విల్సన్ పుట్టాడు. ఆ ఇంట్లోవాళ్లు చేసింది మరుగుదొడ్లు శుభ్రం చేసే పనే. చదువుకుని ఉద్యోగం కోసం వెళ్తే, నీ కులానికి ఇదే కదా పని అన్నట్టు అదే పని రాసిచ్చారు. అతను దాన్ని తీసుకోలేదు. తన వాళ్ల పిల్లల మధ్య పని మొదలుపెట్టాడు.

అంతవరకు అతని కథ మన సంఘాల్లో ట్యూషన్ చెప్పే ఎందరో యువకుల కథ లాంటిదే. తేడా తర్వాత వచ్చింది. ఈ పిల్లలు బడి ఎందుకు మానేస్తున్నారని అడిగాడు. తండ్రులు తాగుతున్నారు కాబట్టి. ఎందుకు తాగుతున్నారు? తాగకుండా ఆ పని చేయలేరు కాబట్టి. ఏమిటా పని? దాన్ని కళ్లారా చూడడానికి వెళ్లాడు. మనుషులు చేతులతో మలం ఎత్తడం చూసి కూలబడి ఏడ్చాడు.

ఆ ఏడుపుతో ఆగిపోయి ఉంటే, మరునాడు సబ్బులు పంచి ఉండేవాడు. మనం ఒక మంచి సాక్ష్యం విని చప్పట్లు కొట్టి ఉండేవాళ్లం. అతను ఆగలేదు. గనుల యాజమాన్యానికి ఉత్తరాలు రాశాడు. ఆ దొడ్ల ఫొటోలు పత్రికకు చేర్చాడు. తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో పేదల ఐ.ఏ.ఎస్. అధికారిగా మనందరికీ తెలిసిన ఎస్.ఆర్. శంకరన్, పాల్ దివాకర్ వంటివారితో కలిసి సఫాయి కర్మచారి ఆందోళన్ కట్టాడు. 2003లో ఆ సంస్థ సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2013లో కొత్త చట్టం వచ్చింది. 2014 మార్చి 27 తీర్పులో, 1993 తర్వాత మురుగు కాల్వల్లో చనిపోయిన ప్రతి కార్మికుడి కుటుంబానికి 10 లక్షల రూపాయలు ఇవ్వాలని కోర్టు చెప్పింది. 2023 అక్టోబరులో మరో కేసులో ఆ మొత్తాన్ని 30 లక్షలు చేసింది. విల్సన్‌కు 2016లో మెగసెసే పురస్కారం వచ్చింది.

పురస్కారం కోసం ఈ కథ చెప్పలేదు. ఆ దారి ఒక్క 'ఎందుకు' దగ్గర చీలిందని చెప్పడానికి చెప్పాను. మనం మన యువతకు ఏమి ఇవ్వాలో నేర్పాం. ఎందుకు అని అడగడం నేర్పలేదు. నేర్పకపోగా, అడిగినవాడిని గర్విష్ఠి అన్నాం.

యెరూషలేములో ఏం జరిగింది?

అపొస్తలుల కార్యములు ఆరో అధ్యాయం మనందరికీ తెలుసు. దాన్ని పరిచారకుల ఎన్నిక అని చదివి ముందుకు వెళ్లిపోతాం. ఒకసారి ఆగి చదవండి. తొలి సంఘంలో రోజూ భోజనం పంచేవారు. అంటే సేవ బ్రహ్మాండంగా జరుగుతోంది. కానీ గ్రీకు భాష మాట్లాడే విధవరాండ్రకు సరిగా అందడం లేదు. ఊరి భాష ఒకటి, వాళ్ల భాష ఇంకొకటి. వాళ్లు సణిగారు.

అపొస్తలులు మీకు కృతజ్ఞత లేదా అనలేదు. ఈ వారం మీకు రెండు రొట్టెలు ఎక్కువ వేస్తాం, ఫొటోకు రండి అనలేదు. ఏడుగురిని ఎన్నుకోమన్నారు. స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు, నీకానోరు, తీమోను, పర్మెనాసు, నీకొలాసు. ఆ పేర్లు చూడండి, అన్నీ గ్రీకు పేర్లే. ఏ గుంపుకు అందలేదో, ఆ గుంపువైపు మనుషుల చేతికే బల్ల మొత్తాన్ని అప్పగించారు. వడ్డించేవాడు మనవాడైతే కడపంక్తిలో కూర్చున్నా ఫర్వాలేదని మన పెద్దలు అన్నారు కదా. అపొస్తలులు ఆ సామెతను తిరగేశారు. కడపంక్తిలో కూర్చున్నవాడి చేతికి గరిటె ఇచ్చారు.

ఊరి భాష ఒకటి, ఇంటి భాష ఇంకొకటి అయిన నల్లంపల్లి కాలనీకి ఇంతకంటే దగ్గరి వాక్యభాగం బైబిల్లో ఏముంది? సేవకు, న్యాయానికి తేడా ఇక్కడే ఉంది. సేవలో ముద్ద మారుతుంది. న్యాయంలో గరిటె పట్టిన చెయ్యి మారుతుంది.

మన ఇంటి సంగతి

వేలు కళాశాలల వైపే చూపిస్తే నేను వేషధారిని అవుతాను. క్రిస్మస్ వస్తే దుప్పట్లు పంచుతాం. ప్రభుత్వ ఆసుపత్రిలో పండ్లు, బ్రెడ్డు పంచుతాం. తీసుకునేవాడి ముఖం కెమెరా వైపు తిప్పమంటాం. సరే, మన చర్చి మరుగుదొడ్డి ఆదివారం సాయంత్రం ఎవరు కడుగుతారు? ఆ మనిషి ఏ వాడ నుంచి వస్తాడు? అతనికి జీతమెంత? సంఘ కమిటీలో ఆ వాడ మనిషి ఒక్కడైనా ఉన్నాడా? కొన్ని ఊళ్లలో మన సమాధుల తోటల్లో కూడా గోడలున్నాయి. చచ్చినవాడి పక్కన చచ్చినవాడిని పడుకోనివ్వని సంఘం, బతికున్నవాడికి దుప్పటి కప్పితే దేవుడు ఏమనుకుంటాడు?

ఏమీ చేయనివారికంటే ఏదో ఒకటి చేసేవారు నయం కదా అని ఒక తమ్ముడు నాతో వాదించాడు. నిజమే తమ్ముడూ. ఆకలితో ఉన్నవాడికి ముందు అన్నమే పెట్టాలి, ప్రసంగం కాదు. కానీ ఇరవై ఏళ్లుగా అదే కాలనీకి అదే దుప్పటి పంచుతున్నామంటే, మన దానం వాళ్ల చలిని తీర్చడానికా, మన మనసును వెచ్చగా ఉంచుకోవడానికా?

ఇది రాజకీయం, పాస్టర్లు దూరంగా ఉండాలి అని ఇంకొకరన్నారు. నెహెమ్యా యెరూషలేము గోడ కడుతున్నప్పుడు పేదలు వచ్చి, అప్పుల కోసం మా పిల్లలను దాసులుగా ఇవ్వాల్సి వస్తోందని మొరపెట్టారు. ఆయన గోడ పని పవిత్రమైనది, ఇవి లోక సంగతులు అనలేదు. పెద్దలను సభలో నిలబెట్టి పొలాలు తిరిగి ఇప్పించాడు. దాన్ని రాజకీయం అంటారా, పరిచర్య అంటారా?

120 గంటలతో ఏం చేయవచ్చు?

విమర్శించి వెళ్లిపోతే నేనూ బ్యానరు చుట్టుకున్నవాడినే. అందుకని కొన్ని మాటలు సూటిగా చెబుతాను.

మొదటిది, శిబిరం బస కాలనీలో పెట్టండి. ఊరి బడిలో కాదు. వాళ్ల ఇళ్లలో తినండి, వాళ్ల కుళాయి నీళ్లు తాగండి. దానికి ఒప్పుకోని విద్యార్థి ఉంటే, శిబిరం మొదటి పాఠం అక్కడే దొరికింది.

రెండోది, పని ఏమిటో కాలనీవాళ్లను నిర్ణయించనివ్వండి. మొదటి రెండు రోజులు వినడానికే పెట్టుకోండి. వాళ్లు ఊడవమంటే ఊడవండి. దరఖాస్తు రాయమంటే రాయండి.

మూడోది, మీ చదువును తీసుకెళ్లండి. ధర్మపురి ఫ్లోరోసిస్ జిల్లా. మన నల్గొండలాగే వంగిన ఎముకలు, మచ్చలు పడ్డ పళ్లు ఇక్కడా ఉన్నాయి. హొగెనక్కల్ కావేరి నీటి పథకం 2013లో మొదలైంది. ఆ నీరు ఏ వీధికి వస్తోంది, ఏ వీధి ఇంకా బోరు నీళ్లే తాగుతోంది? లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే ఫ్లోరైడు ప్రమాదమని కెమిస్ట్రీ విద్యార్థికి తెలుసు. అతని చేతికి మనం చీపురు ఇచ్చాం, నీళ్లు పరీక్షించే సీసా ఇవ్వలేదు.

నాలుగోది, కాగితాలు. తమిళనాడులో షెడ్యూల్డు కులాల 18 శాతంలో అరుంధతీయులకు 3 శాతం ప్రత్యేకంగా ఇస్తూ 2009లో చట్టం వచ్చింది. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం వర్గీకరణ చెల్లుతుందని చెప్పింది. కానీ కుల ధృవపత్రం చేతిలో లేని పిల్లకు ఆ తీర్పు గోడ మీది బొమ్మే. బాప్తిస్మం తీసుకున్న కుటుంబానికైతే 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు వల్ల ఎస్సీ హోదా కూడా ఉండదు. ఈ అన్యాయం సంగతి మన యువతకే సరిగా తెలియకపోతే ఇంకెవరు అడుగుతారు? ఒక వారంలో పదిమంది పిల్లల ధృవపత్రం, స్కాలర్‌షిప్ పని పూర్తి చేస్తే, అది పది జీవితాల సేవ.

ఐదోది, గ్రామసభ. తమిళనాడులో ఏడాదికి ఆరుసార్లు గ్రామసభ జరుగుతుంది. శిబిరం ముగిశాక ఆ సభలకు తిరిగి వెళ్లండి. పారిశుధ్య కార్మికులకు తొడుగులు, బూట్లు, సమయానికి జీతం ఇస్తున్నారా అని అడిగే ఆ అమ్మ పక్కన నిలబడండి. ఆమె బదులు మీరు మాట్లాడకండి, పక్కన నిలబడండి. జవాబు రాకపోతే పది రూపాయలతో సమాచార హక్కు దరఖాస్తు వేయవచ్చు. అది వేయడం ఆమెకు నేర్పండి. నేర్చుకున్నాక ఆమె ఇంకొకరికి నేర్పుతుంది. గరిటె చేతులు మారడమంటే ఇదే.

ఇవన్నీ చేస్తే శిబిరానికి మంచి ఫొటోలు రావు. బహుశా ఊరి పెద్దలు మరుసటి ఏడు మిమ్మల్ని పిలవరు. కళాశాలలో ఎవరో ఒకరు, మీకు చెప్పిన పని ఏమిటి, చేసిన పని ఏమిటి అంటారు. గరిటె అందుకున్న స్తెఫనుకు కూడా చివరకు రాళ్లే తగిలాయి. ఆ బల్ల దగ్గర వడ్డించడం అంత సులువైన పని కాదని మన సంఘం మొదటి నుంచీ ఎరుగును.

అయినా యువతా, వెళ్లండి. తప్పకుండా వెళ్లండి. ఈ సెప్టెంబరు 24న ఎన్.ఎస్.ఎస్. దినోత్సవం జరుపుకునేటప్పుడు, ఈ డిసెంబరులో దుప్పట్ల మూటలు విప్పేటప్పుడు, నల్లంపల్లి అమ్మను గుర్తు చేసుకోండి. చీపురు అడిగేముందు ఆమె పేరు అడగండి. పేరు తెలిశాక, ఆ చీపురు ఆమె చేతికే ఎందుకు వచ్చిందని అడగండి. జవాబు వినడానికి 120 గంటలు చాలకపోతే, మీ సేవ అప్పుడే మొదలైందని అర్థం.